ఆకలి రుచెరగదంటారు... మరి ఈ పిల్లల సంగతేంటి?

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. బాగా ఆకలేస్తే పచ్చడి మెతుకులు కూడా పరమాన్నంలా దిగుతాయి. అందుకే పిల్లాడు తినట్లేదని ఇక్కడి నుంచి ఇంటికి ఫోన్ చేస్తే, అవతల ఉన్నది రాయచోటి అయినా రాజమండ్రి అయినా ఒకటే జవాబు వస్తుంది: "ఒక పూట మాడ్చమ్మా, వాడే తింటాడు." చాలామంది పిల్లల విషయంలో ఆ మాట నిజమే. కానీ మాడ్చినా తినని పిల్లలు కొందరుంటారు. కడుపులో ఆకలి ఉన్నా, ఎదురుగా వేడి వేడి అన్నం ఉన్నా నోరు తెరవలేరు. అది మొండితనం కాదు, గారాబమూ కాదు. దానికి వైద్యంలో ఒక పేరుంది: అవాయిడెంట్ రిస్ట్రిక్టివ్ ఫుడ్ ఇంటేక్ డిజార్డర్. పొట్టిగా ఆర్ఫిడ్ అంటారు. భయం వల్లో, అయిష్టం వల్లో, అసలు ఆసక్తే లేకో తిండి బాగా తగ్గిపోయి, ఒంటికీ బతుక్కీ నష్టం జరిగే పరిస్థితి అని అర్థం.

నేను కువైట్‌లో పన్నెండేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. తెలుగు తల్లులు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది దాదాపు ఒకటే: "అక్కా, ఆకలి పుట్టే టానిక్ ఏదైనా చెప్పండి." టానిక్ సంగతి తర్వాత. ముందు ఆ బిడ్డది మామూలు పేచీనా, ఆర్ఫిడ్డా అన్నది తేల్చుకోవాలి. ఆ తేడా ఎలా తెలుస్తుందో, డాక్టర్లు ఏం చూసి నిర్ధారిస్తారో, కువైట్‌లో ఎక్కడ మొదలుపెట్టాలో మీతో పంచుకోవాలనే ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పిన వాళ్ల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

పేచీకి, జబ్బుకి మధ్య గీత ఎక్కడ?

రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలు కొత్త పదార్థం చూస్తే మొహం తిప్పుకోవడం సహజం. నిన్నటిదాకా తిన్న బెండకాయ వేపుడు ఇవాళ వద్దంటారు. నాలుగు రోజులు పోతే మళ్లీ తింటారు. పేచీ పెట్టే పిల్లాడైనా అన్నంలోనో, పప్పులోనో, పండ్లలోనో ఏదో ఒకటి తింటాడు. బాగా ఆకలేస్తే బెట్టు సడలిస్తాడు. పుట్టినరోజు పార్టీకి తీసుకెళ్తే ఏదో ఒకటి వెతుక్కుంటాడు. వయసు పెరిగేకొద్దీ తినే వాటి లిస్టు కూడా పెరుగుతుంది.

ఆర్ఫిడ్‌లో లిస్టు తగ్గుతూ పోతుంది. మూడేళ్లప్పుడు ఇరవై రకాలు తిన్న బిడ్డ ఆరేళ్లకి ఎనిమిదికి వస్తాడు. వదిలేసిన పదార్థం మళ్లీ తిరిగి రాదు. వద్దన్నది దగ్గరికి తెస్తే డోకు వస్తుంది, ఏడుపు వస్తుంది, ఒళ్లు బిగుసుకుపోతుంది. శుక్రవారం ఎవరైనా భోజనానికి పిలిస్తే ఇంటిల్లిపాదీ ఆలోచనలో పడతారు, వెళ్లాలా వద్దా అని. జబ్బుకీ పేచీకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. పిల్లాడు ఎంత మొండి అని కాకుండా, ఈ తినకపోవడం వల్ల వాడు ఏం పోగొట్టుకుంటున్నాడు అని అడగండి. డాక్టర్ అడిగేదీ అదే.

ఈ పేరు వచ్చి ఎక్కువ కాలం కాలేదు

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5 అనే పుస్తకంలో ఆర్ఫిడ్ మొదటిసారి చోటు చేసుకుంది. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే పుస్తకమది. అంతకుముందు అందులో పసిపిల్లల తిండి సమస్య అని ఒకటి ఉండేది. అది ఆరేళ్లలోపు మొదలైతేనే లెక్క. కొత్త పేరుకి వయసు పరిమితి తీసేశారు. పదేళ్ల పిల్లకి రావచ్చు, నలభై ఏళ్ల తల్లికీ రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన ఐసీడీ-11 జాబితాలో దీన్ని చేర్చింది. ఆ జాబితా 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ తేదీలు ఎందుకు చెబుతున్నానంటే, 2013కి ముందు చదువు ముగించిన డాక్టర్‌కి ఈ పేరు పాఠ్యపుస్తకంలో వచ్చి ఉండదు. మీరు చెప్పింది విని "పెద్దయితే సర్దుకుంటుందిలే" అంటే నిరాశపడకండి. ఆ పేరు మీరే పలికి, "అది కాదని ఎలా తేలుస్తారు డాక్టర్?" అని మర్యాదగా అడగండి.

మూడు దారులు

ఆర్ఫిడ్ అందరిలో ఒకేలా ఉండదు. ముఖ్యంగా మూడు దారుల్లో కనిపిస్తుంది. ఒకే మనిషిలో రెండు, మూడు కలిసి కూడా ఉండొచ్చు.

మొదటిది, తిండి మీద ఆసక్తే లేకపోవడం. అబ్బాసియాలో ఉండే తొమ్మిదేళ్ల పాప. గుర్తు చేయకపోతే సాయంత్రం దాకా అన్నం మాట ఎత్తదు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందంటుంది. స్కూల్ నుంచి లంచ్ బాక్స్ వెళ్లింది వెళ్లినట్టే తిరిగొస్తుంది. ఏడాదిన్నరగా బరువు అంగుళం కదల్లేదు. సాధారణంగా ఆ వయసు పిల్లలు ఏడాదికి రెండు మూడు కిలోలైనా పెరగాలి.

రెండోది, రుచి, వాసన, రంగు, నోటికి తగిలే తీరు భరించలేకపోవడం. సాల్మియాలో ఏడేళ్ల బాబు. కుబ్బూస్, నెయ్యి వేసిన తెల్లన్నం, ఒకే కంపెనీ చిప్స్, ఒకే కంపెనీ చాక్లెట్ మిల్క్, బిస్కెట్లు, ఫ్రెంచ్ ఫ్రైస్. మొత్తం ఆరు. పాల కంపెనీ ప్యాకెట్ బొమ్మ మార్చిందని ఆ పాలు కూడా కొన్నాళ్లు మానేశాడు.

వాళ్లమ్మ ఒకటే బాధ: "చిప్స్ తింటాడు, నా చేతి పప్పన్నం తినడు." దీనికి కారణం ప్రేమ లేకపోవడం కాదు. చిప్స్ ప్రతిసారీ ఒకేలా ఉంటాయి. అదే రంగు, అదే కరకర, అదే ఉప్పు. మన పప్పు ఇవాళ పలుచగా, రేపు ముద్దగా, ఎల్లుండి పుల్లగా ఉంటుంది. పైగా పోపు. మనకి కమ్మని వాసన వేసే ఆ పోపులో ఒక ముద్దకి ఆవగింజ తగులుతుంది, ఇంకో ముద్దకి కరివేపాకు, ఇంకో దానికి ఎండుమిర్చి తొక్క. స్పర్శ తట్టుకోలేని పిల్లాడికి ప్రతి ముద్దా ఒక భయమే. ఆటిజం, ఏడీహెచ్‌డీ, ఆందోళన ఉన్న పిల్లల్లో ఈ రకం ఎక్కువగా కనిపిస్తుంది. కానీ అవేవీ లేని పిల్లల్లోనూ ఉంటుంది.

మూడోది, తింటే ఏదో అవుతుందన్న భయం. మంగాఫ్‌లో ఉండే 34 ఏళ్ల అమ్మాయి. ఒకరోజు చేప ముల్లు గొంతులో ఇరుక్కుంది. హాస్పిటల్లో తీసేశారు, గొంతు మానింది. కానీ ఆ తర్వాత గట్టి పదార్థం మింగాలంటే గుండె దడ. నాలుగు నెలలు జావ, మజ్జిగ, పాలు, జ్యూస్. తొమ్మిది కిలోలు తగ్గింది. కలిసిన ప్రతి ఒక్కరూ "భలే సన్నబడ్డావే, ఏం డైట్ చేస్తున్నావు?" అని మెచ్చుకోవడమే. ఒక్కరూ "అన్నం తింటున్నావా?" అని అడగలేదు. వాంతులు, ఫుడ్ పాయిజనింగ్, అలర్జీ అనుభవం తర్వాత కూడా పిల్లల్లో, పెద్దల్లో ఇలాంటి భయం పట్టుకోవచ్చు.

డాక్టర్ ఏం చూసి నిర్ధారిస్తారు?

ఆర్ఫిడ్‌కి ప్రత్యేకంగా రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. తినే తీరులో పైన చెప్పిన ఇబ్బంది ఉండి, దానివల్ల కింది నాలుగింటిలో కనీసం ఒకటైనా జరగాలి.

1. బరువు బాగా తగ్గడం. పిల్లలైతే పెరగాల్సిన బరువు పెరగకపోవడం, ఎత్తు ఆగిపోవడం.

2. పోషకాల లోపం. ఐరన్, బీ12, విటమిన్ డి లాంటివి గట్టిగా పడిపోవడం.

3. పెడియాష్యూర్ లాంటి పొడులూ డ్రింకులూ లేకపోతే గడవని స్థితి, లేదా ట్యూబ్ ద్వారా ఆహారం ఇవ్వాల్సి రావడం.

4. మామూలు జీవితం దెబ్బతినడం. స్కూల్లో నలుగురితో కూర్చుని తినలేకపోవడం, పిక్నిక్‌కి, చుట్టాలింటికి వెళ్లలేకపోవడం, ఇంట్లో రోజూ తిండి దగ్గర యుద్ధం.

నాలుగోది చాలామందికి తెలియదు. బరువు బాగుంది, రక్తపరీక్షలు బాగున్నాయి కాబట్టి ఏమీ లేదనుకోవద్దు.

ఇక ఏవి ఆర్ఫిడ్ కావో కూడా డాక్టర్ చూస్తారు. రంజాన్ ఉపవాసాలు, కార్తీక సోమవారాలు, శాకాహారం లాంటి మత, కుల, కుటుంబ ఆచారాలు జబ్బు కాదు. తిండి దొరక్క తినకపోవడమూ ఆర్ఫిడ్ కాదు. కువైట్‌లో ఇది గట్టిగా చెప్పుకోవాలి. ఇళ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లలో ఎవరైనా అన్నం దొరక్క, వాళ్లు పెట్టింది సరిపోక చిక్కిపోతుంటే, ఆమెకి కావాల్సింది కౌన్సెలింగ్ కాదు, కడుపు నిండా కూడు. అక్కడ తప్పు ఆమె నోటిలో లేదు.

లావైపోతానన్న భయంతో తినకపోతే అది అనొరెక్సియా. ఆర్ఫిడ్ ఉన్నవాళ్లకి తమ ఒంటి ఆకారం గురించి బెంగ ఉండదు. చాలామంది "నాకు బరువు పెరగాలనే ఉంది, కానీ తినలేను" అంటారు. చికిత్స దారి కూడా వేరు కాబట్టి ఈ తేడా ముఖ్యం.

చివరిగా, ఒంట్లో వేరే కారణం ఉందేమో చూడాలి. మలబద్ధకం, గుండెల్లో మంట, పుచ్చిపళ్లు, పెద్దవైన టాన్సిల్స్, థైరాయిడ్, గోధుమ పడకపోవడం, అలర్జీలు. ఏడీహెచ్‌డీకి వాడే కొన్ని మందులు కూడా ఆకలి చంపుతాయి. ఐరన్ తగ్గితే ఆకలి ఇంకా తగ్గుతుంది. పసివాళ్లు రోజుకి అర లీటరు కంటే ఎక్కువ పాలు తాగుతుంటే కడుపు దానితోనే నిండి, ఐరన్ కూడా పడిపోతుంది.

తొమ్మిది ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటి 2018లో వచ్చింది. దాన్ని నయాస్ అంటారు. పైన చెప్పిన మూడు దారులకీ మూడేసి ప్రశ్నలుంటాయి. అది నిర్ధారణ కాదు, అనుమానం ఉందో లేదో చెప్పే జల్లెడ మాత్రమే. జల్లెడలో చిక్కితే వివరంగా మాట్లాడి డాక్టరే తేల్చాలి.

బొద్దుగా ఉన్నా ప్రమాదమే

"బొద్దుగానే ఉన్నాడు కదా, ఏమవుతుంది?" అనేవాళ్లకి నేనొక కేసు చెబుతుంటాను. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ డాక్టర్లు 2019లో ఒక వైద్య పత్రికలో రాసిన కుర్రాడి కథ అది. పద్నాలుగేళ్లప్పుడు నీరసమని ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. ఎత్తుకు తగ్గ బరువే ఉంది. బీ12 తక్కువని తేలి ఇంజెక్షన్లు ఇచ్చారు, తిండి గురించి సలహా చెప్పారు. తర్వాత వినికిడి తగ్గింది, చూపు మందగించింది. పదిహేడేళ్లకి చూపు శాశ్వతంగా దెబ్బతింది. అప్పుడు వివరంగా అడిగితే తెలిసింది: చిన్న బడి రోజుల నుంచి వాడు తిన్నది చిప్స్, ఫ్రెంచ్ ఫ్రైస్, తెల్ల బ్రెడ్, కొద్దిగా ప్రాసెస్ చేసిన మాంసం మాత్రమే. కొన్ని పదార్థాలు నోటికి తగిలే తీరు భరించలేకే అలా తిన్నాడు. బీ12తో పాటు రాగి, విటమిన్ డి కూడా తక్కువే. ఎముకల్లో బలం కూడా తగ్గింది.

ఇలా చూపు పోవడం చాలా అరుదు. అయినా కడుపు నిండటం వేరు, ఒంటికి అందడం వేరు అని ఈ కేసు చెబుతుంది. మనకి ఇంకో చిక్కుంది. ఎండాకాలంలో ఇక్కడ 50 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పిల్లలు ఏసీ గదుల్లోంచి బయటికి రారు. ఇంత ఎండ కాసే దేశంలో విటమిన్ డి లోపం మామూలైపోయింది. పాలు, గుడ్లు, చేపలు కూడా ముట్టని పిల్లాడికి అది రెండింతల దెబ్బ.

కువైట్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ సివిల్ ఐడీ మీద ఉన్న అడ్రస్ ప్రకారం మీ ఏరియా గవర్నమెంట్ క్లినిక్‌కి, లేదా మీకు అలవాటైన పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అవసరమైతే క్లినిక్ నుంచి పెద్ద హాస్పిటల్‌కి రాసిస్తారు. సాల్మియా, హవల్లీ వాళ్లకి ముబారక్ అల్ కబీర్, అబ్బాసియా, ఫర్వానియా వాళ్లకి ఫర్వానియా హాస్పిటల్, మంగాఫ్, ఫహాహీల్ వైపు వాళ్లకి అదాన్ హాస్పిటల్ దగ్గర. మానసిక నిపుణుల కోసం ప్రభుత్వ మెంటల్ హెల్త్ సెంటర్ ఉంది, ప్రైవేట్ క్లినిక్‌లూ ఉన్నాయి. ఆర్ఫిడ్‌కి పిల్లల డాక్టర్, డైటీషియన్, సైకాలజిస్ట్ కలిసి పనిచేస్తేనే ఫలితం. మింగడంలో, నమలడంలో ఇబ్బంది ఉంటే స్పీచ్ థెరపిస్ట్, స్పర్శ సమస్య ఉంటే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ కావాలి.

డాక్టర్ గదిలో మనకి దొరికేది పది నిమిషాలు. అరబిక్ రాదు, ఇంగ్లిష్ తడబడుతుంది, ఏడుపు ముందొస్తుంది. అందుకే కాగితం మీద రాసుకుని వెళ్లండి. రెండు వారాల పాటు బిడ్డ తిన్నదీ తాగినదీ, ఎంత, ఎప్పుడు. ఇప్పుడు తినేవాటి లిస్టు, రెండేళ్ల కింద తినేవాటి లిస్టు పక్కపక్కన. స్కూల్లో, టీకాల కార్డులో రాసిన ఎత్తు, బరువు. రోజూ ఇచ్చే పొడులు, టానిక్‌లు. తిండి వల్ల ఆగిపోయిన పనులు. ఈ ఒక్క కాగితం మీ తరఫున సగం మాట్లాడేస్తుంది.

నీళ్లు కూడా తాగకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం, వారాల్లోనే బరువు దిగిపోవడం జరిగితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా 112కి ఫోన్ చేయండి. చాలా రోజులు దాదాపు ఏమీ తినని మనిషికి ఇంట్లో ఒక్కసారిగా ఎక్కువ తినిపించడం కూడా ప్రమాదమే. అది హాస్పిటల్లో, డాక్టర్ల పర్యవేక్షణలో జరగాలి.

సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు అక్కడ చూపించుకోవాలనుకుంటే, టెలీ మానస్ వాళ్ల 14416 నంబర్‌కి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఉచితం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన సేవ ఇది.

చికిత్స అంటే ఏం చేస్తారు?

ఆర్ఫిడ్‌కంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. లోపాలుంటే వాటికి ఐరన్, విటమిన్లు ఇస్తారు. అసలు పని మాత్రం మెల్లగా, భయం లేకుండా తిండితో స్నేహం చేయించడమే. పదేళ్లు దాటిన పిల్లలకి, పెద్దవాళ్లకి అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ నిపుణులు తయారుచేసిన ఒక పద్ధతి ఉంది. ఇరవై నుంచి ముప్పై సిట్టింగులు పడుతుంది. చిన్న పిల్లలకి తల్లిదండ్రుల ద్వారానే నేర్పిస్తారు.

ఇంట్లో మీరు చేయగలిగేవి చెబుతాను. తినే పదార్థాన్ని లాక్కోకండి. ఆరు రకాలే తింటే ఆ ఆరూ పళ్లెంలో ఉండాల్సిందే. పక్కన కొత్తది బఠాణీ గింజంత పెట్టండి. తినమని అడగకండి. చూడటం, ముట్టుకోవడం, వాసన చూడటం, నాలుకకి తాకించడం, ఇవన్నీ మెట్లే. ఒక్కో మెట్టుకి వారం పట్టినా పర్వాలేదు. కొత్త రుచి అలవాటు కావడానికి మామూలు పిల్లలకే పది పదిహేను సార్లు పడుతుంది.

కొత్తది ఎప్పుడూ పాతదానికి దగ్గరి చుట్టమై ఉండాలి. కుబ్బూస్ తినే పిల్లాడికి ముందు వేరే బేకరీ కుబ్బూస్, తర్వాత మెత్తటి పుల్కా, ఆ తర్వాత చపాతీ, అటు పిమ్మట దోసె. ఫ్రెంచ్ ఫ్రైస్ నుంచి ఇంట్లో చేసిన ఫ్రైస్, అక్కడి నుంచి ఉప్పు మాత్రమే వేసిన బంగాళదుంప వేపుడు. పప్పు అలవాటు చేయాలంటే పోపు లేకుండా, మెత్తగా మెదిపి, అన్నంలో కలపకుండా పక్కన చిన్న గిన్నెలో పెట్టండి. మొదట్లో చెప్పిన సాల్మియా బాబు పప్పు దగ్గరికి అలాగే వచ్చాడు. ఏడాదిలో వాడి లిస్టు ఆరు నుంచి పద్నాలుగుకి చేరింది. పప్పు ఇంకా పోపు లేకుండానే.

ముక్కు మూసి, చెంపలు నొక్కి, భయపెట్టి మాత్రం తినిపించకండి. ఫోన్ చూపించి నోట్లో కుక్కడం కూడా అంతే. ఆ పూట నాలుగు ముద్దలు దిగుతాయేమో గానీ, భయం పది రెట్లవుతుంది. మాడ్చితే తింటాడన్న సూత్రం ఈ పిల్లల దగ్గర పనిచేయదు. బరువు మాత్రం తగ్గుతుంది.

అత్తగారితో ఏం చెప్పాలి?

వీడియో కాల్‌లో "పిల్లాడిని ఎండగట్టావు" అన్న మాట విని ఏడ్చిన తల్లులని చాలామందిని చూశాను. దిష్టి తీయమంటారు, తాయెత్తు కట్టమంటారు, నీ వంట బాలేదంటారు. వాళ్లదీ ప్రేమే. వాదించి గెలవడం కంటే వాళ్లకో పని అప్పజెప్పండి. "అత్తయ్యా, డాక్టర్ దీనికి పేరు పెట్టారు. తినమని అడగొద్దన్నారు. మీరు కథ చెబుతూ ఉండండి, వాడు తిన్నంత తింటాడు" అనండి. ఎండాకాలం సెలవులకి ఊరెళ్లే ముందు ఇంట్లోవాళ్లందరికీ ఇదే మాట చెప్పి ఉంచండి. నలుగురిలో "వీడేం తినడు" అనే పలకరింపు ఆ బిడ్డకి ఎంత నామోషీయో వాళ్లకి తెలియకపోవచ్చు.

ఇక మీకు. ఆర్ఫిడ్ తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు. పుట్టుకతో వచ్చిన స్వభావం, స్పర్శ పట్ల సున్నితత్వం, ఒక చేదు అనుభవం, ఇలాంటివెన్నో కలిసి తెచ్చేది. మీ చేతి వంటకి దీంతో సంబంధం లేదు. మీ బిడ్డ గురించి అయినా, మీ గురించే అయినా పైన చెప్పిన నాలుగింటిలో ఒకటి కనిపిస్తుంటే, ఈ శుక్రవారం ఒక కాగితం తీసుకుని ఇప్పుడు తినే వాటి లిస్టు రాయడం మొదలుపెట్టండి. ఆ లిస్టు ఎంత చిన్నదైనా సిగ్గుపడకుండా డాక్టర్ ముందు పెట్టండి.